లింకు పంపితే పాఠం చెప్పినట్టే

2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులకు పోటీపడి, గెలిచి, ఆర్డరు కాగితం సంచిలో పెట్టుకుని కొత్తచెరువులో బస్సు దిగి, ‘బుక్కపట్నానికి ఆటో యాడ దొరుకుతాదప్పా’ అని అడుగుతున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ స్వాగతం. డీఈడీలో, బీఈడీలో మీకు చాలా చెప్పి ఉంటారు. అవన్నీ పరీక్షకు పనికొచ్చాయి కదా, ఇక వదిలేయండి. బడిలో పనికొచ్చేవి నేను చెబుతాను.

నాది ముప్పై ఏళ్ల సర్వీసు. ఈ ముప్పై ఏళ్లలో టెక్నాలజీ మా బడి గడప ఎన్నిసార్లు తొక్కిందో, తొక్కి ఎన్నిసార్లు బీరువాలో పడుకుందో దగ్గరుండి చూసినవాణ్ని. బీరువా తాళం నా దగ్గరే ఉంటుంది.

ఊరి గురించి ఒక్క మాట. బుక్కరాయల పేరు మోస్తున్న ఊరిది. చిత్రావతి నీళ్లు పట్టే పెద్ద చెరువు ఉంది. సత్యసాయిబాబా చిన్నతనంలో పుట్టపర్తి నుంచి నడిచొచ్చి చదువుకున్నది ఇక్కడి బడిలోనే. అప్పట్లో హాజరు పడాలంటే పిల్లవాడు వస్తే చాలు, సిగ్నల్ రానక్కర్లేదు. ఉపాధ్యాయులను తయారుచేసే డైట్ కూడా ఇక్కడే ఉంది కాబట్టి బోధన గురించి ఈ ఊళ్లో ఎవరినడిగినా ఏదో ఒకటి చెప్తారు. టీ కొట్టాయనకు కూడా టీఎల్‌ఎం అంటే బోధన సామగ్రి అని తెలుసు.

నేను టీటీసీ చేసిందీ ఆ డైట్‌లోనే. అవి అప్పెప్ రోజులు. ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం అన్నమాట, బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో 1984లో ప్రయోగంగా మొదలై 1996 దాకా నడిచింది. దానికి ఆరు సూత్రాలు. పిల్లలకు కృత్యాలు కల్పించాలి. చేసి, కనుక్కుని, ప్రయోగించి నేర్చుకోనివ్వాలి. ఒక్కొక్కరుగా, జట్లుగా, తరగతి మొత్తంగా పని చేయించాలి. పిల్లవాడికీ పిల్లవాడికీ ఉన్న తేడా చూడాలి. స్థానిక పరిసరాలను వాడుకోవాలి. పిల్లలు చేసినవాటిని గోడలకు కట్టి గదిని కళగా ఉంచాలి. అర్ధరాత్రి లేపి అడిగినా ఆరూ వరసగా చెప్పేవాళ్లం. నెలకొకసారి టీచర్ సెంటర్లో కలిసి, ఒకరు చేసిన అట్టముక్కల బొమ్మలు ఇంకొకరు చూసి, నచ్చితే అడిగి తీసుకుపోయేవాళ్లం. ఇంటర్నెట్ లేని రోజుల్లో డౌన్‌లోడ్ అంటే అదే. మరుసటి నెలకు అది వాడితే ఏమైందో చెప్పాల్సి వచ్చేది, అదొక్కటే దాంట్లో ఉన్న ఇబ్బంది.

కాలం మారింది. అప్పెప్ ఆరు సూత్రాల స్థానంలో నావి ఆరు రాస్తున్నాను. వీటిని నేను స్వయంగా పాటించాను. మా మండలంలో పాటించని ఒకే ఒక మనిషి గురించి కూడా చెబుతాను, జాగ్రత్త పడతారని.

ఒకటో సూత్రం, లింకును తెరవొద్దు. పంపండి.

మనకు ఎన్ని గ్రూపులున్నాయో వేళ్లమీద లెక్కపెట్టుకోండి. మండలం గ్రూపు, కాంప్లెక్సు గ్రూపు, సంఘం గ్రూపు, డీఎస్సీ బ్యాచ్ గ్రూపు, ఇవిగాక ‘అఫీషియల్ ఓన్లీ’ అని ఇంకొకటి. గుడ్ మార్నింగ్ పూలు అందులోనే ఎక్కువ పూస్తాయి. పొద్దున ఆరింటికి ఒకచోట ‘అన్ని తరగతుల పాఠ్యప్రణాళికలు, వీడియోలు, వర్క్‌షీట్లు ఒకేచోట’ అని లింకు పడుతుంది. ఏడులోపల దాన్ని మిగతా నాలుగింటిలోకి తోసేయాలి. ఎందుకు తెరవకూడదంటారా? తెరిస్తే డేటా ఖర్చు. తెరిస్తే అది ఎప్పుడో చచ్చిపోయిన లింకని తెలిసిపోతుంది. అన్నిటికన్నా ప్రమాదం, లోపల నిజంగా మంచిదేదైనా ఉండొచ్చు. ఉంటే వాడాలనిపిస్తుంది. ఒకసారి వాడితే పిల్లలు రేపు కూడా అడుగుతారు.

ఇంటిపని కూడా లింకు రూపంలోనే ఇవ్వండి. తల్లిదండ్రుల గ్రూపులో వీడియో పెట్టండి, నీలం టిక్కులు పడగానే హోంవర్కు అయిపోయినట్టు రాసుకోండి. మా బడిలో ఐదో తరగతి పిల్లవాడొకడున్నాడు. వాళ్లింట్లో ఉన్నది ఒకటే ఫోను, అది వాళ్ల నాయనతో బెంగళూరులో ఏదో అపార్టుమెంటు పనిలో ఉంటుంది. పిల్లవాడు ఇక్కడ అవ్వ దగ్గర. నేను పంపిన భిన్నాల వీడియోలన్నీ ఆ నాయన మధ్యాహ్నం సద్ది తినేటప్పుడు చూస్తాడు. ఒకరోజు ఫోన్ చేశాడు. ‘సార్, మూడో వంతూ నాలుగో వంతూ కూడేది నాకిప్పుడు తెలిసినాది సార్. మేస్త్రీ చెప్పే పాళ్లు కూడా తెలుస్తాండాయి’ అన్నాడు. సంతోషించాను. పాఠం ఎవరో ఒకరికి చేరింది కదా. పిల్లవాడికి మాత్రం భిన్నాలు ఇంకా రావు. అది సాంకేతిక లోపం కిందికి వస్తుంది.

2020లో బళ్లు మూతపడినప్పుడు దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వేశారు. టీవీ పాఠానికి రీఛార్జి అక్కర్లేదు, పాస్‌వర్డు అక్కర్లేదు, అవ్వ కూడా మీట నొక్కగలదు. అందుకే కాబోలు, దాని గురించి ఏ గ్రూపులోనూ ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు. ఫార్వర్డ్ చేయడానికి వీల్లేనిది వనరు ఎట్లా అవుతుంది?

రెండో సూత్రం, కోర్సు పూర్తి చేయడం వేరు, వినడం వేరు.

ఆన్‌లైన్ పాఠాల దీక్ష వేదికను 2017 సెప్టెంబరు 5న, సరిగ్గా ఉపాధ్యాయ దినోత్సవం నాడు, అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు ప్రారంభించారు. నిష్ఠ అనే శిక్షణ 2019లో ఎదురెదురుగా కూర్చుని మొదలై, కరోనాతో ఆ దీక్ష ద్వారానే ఫోనులోకి ఎక్కింది. ఆ ఫోనులోకి ఎక్కడం కూడా దేశంలో అందరికన్నా ముందు మనతోనే. 2020 జూలై 16న మొట్టమొదటి ఆన్‌లైన్ నిష్ఠను ఆంధ్రప్రదేశ్‌లోని 1,200 మంది కీ రిసోర్స్ పర్సన్ల కోసం మొదలుపెట్టారు. కాబట్టి వినకుండా పూర్తిచేయడంలోనూ దేశానికి మనమే దారి చూపాలి.

పద్ధతి చెబుతాను. ఫోను తీసి వంటింట్లో ఉప్పు జాడీకి ఆనించాలి. వీడియో దానంతటది పోతుంటుంది. మీరు వరండాలో పేపరు చదువుకోవచ్చు. చివర ప్రశ్నలొస్తాయి, 70 శాతం తెచ్చుకుంటే సర్టిఫికెట్టు. దానికి భయం లేదు, కోర్సు తెరుచుకునే లోపలే జవాబుల కీ గ్రూపులో తెరుచుకుంటుంది. నేను ప్రాథమిక స్థాయివి 18 కోర్సులూ, ఆ తర్వాత వచ్చిన పునాది అక్షరాస్యత, సంఖ్యాజ్ఞానం 12 కోర్సులూ ఇట్లాగే గట్టెక్కాను.

ఇందులో ఒక దుష్ఫలితం ఉంది, దాచను. మా ఇంటావిడ టీచరు కాదు. పదో తరగతి దగ్గర ఆగిపోయింది. కానీ పప్పుకు తిరగమోత పెడుతూ, సంగటి గెలుకుతూ ఆ పన్నెండు కోర్సులూ మొదటినుంచి చివరిదాకా విన్నది ఆమే. ఒకరోజు చూస్తే వంటింటి గచ్చుమీద మా మనవణ్ని కూర్చోబెట్టుకుని శనక్కాయలు పదేసి కుప్పలు పోయిస్తోంది. ‘పది కుప్పలు రెండు, విడికాయలు మూడు. ఎన్నిరా అబ్బీ?’ అంటోంది. వాడు ఇరవైమూడు అన్నాడు. ‘ఇందులోంచి ఎనిమిది తినాలంటే విడికాయలు చాలవు, ఏం చేస్తావు?’ అని అడిగింది. వాడు ఒక కుప్ప కూలదోశాడు. ఒకటి అప్పు తీసుకోవడం అంటే ఇదేనా అని నాకే ఒక క్షణం తోచింది. ముప్పై ఏళ్లు నేను ‘పక్కింటినుంచి ఒకటి అప్పు తెచ్చుకో’ అని బోర్డు మీద గీస్తూ వచ్చాను, ఎందుకు తెస్తున్నామో చెప్పలేదు. ఏమైతేనేం, సర్టిఫికెట్లు పన్నెండూ నా పేరునే ఉన్నాయి.

రిజిస్ట్రేషన్లో ఒక చిక్కు రావచ్చు. 2022 ఏప్రిల్ 4న మనం అనంతపురం నుంచి విడిపోయి శ్రీ సత్యసాయి జిల్లా అయ్యాం. ఆ తర్వాత ఏదో ఒక కోర్సు ఫారం నింపుతుంటే, అనంతపురం అని నొక్కితే మా మండలం కనపడలేదు, శ్రీ సత్యసాయి అని వెతికితే జిల్లాయే కనపడలేదు. చివరికి ఆ కోర్సును నేను కర్నూలు జిల్లా ఆదోని ఉపాధ్యాయుడిగా పూర్తిచేశాను. ఆదోని ఎప్పుడూ చూడలేదు. బాగుంటుందట.

మూడో సూత్రం, ఫోటో ముందు, పాఠం తర్వాత. వీలుంటే.

ఇది చిన్నదే. స్మార్ట్ టీవీ ముందు పిల్లల్ని పొట్టినుంచి పొడుగుకు వరసలో కూర్చోబెట్టండి, తెరమీద ఏదో ఒక గుండె బొమ్మ కదులుతుండాలి, మీ చెయ్యి దానివైపు చూపిస్తుండాలి. ఫోటో తీశాక టీవీ ఆపేయొచ్చు, కరెంటు ఆదా. 2022 ఆగస్టు నుంచి మన హాజరు కూడా ఫోనుకు ముఖం చూపించి వేసుకునేదైంది కదా, కొన్నాళ్లు మరుగుదొడ్ల ఫోటోలు కూడా మనమే తీశాం. అంత సాధన ఉన్న వృత్తి దేశంలో ఇంకొకటి లేదు. పెళ్లి ఫోటోగ్రాఫర్లు మనతో పోటీపడలేక సీజన్ కోసం ఎదురుచూస్తున్నారు.

నాలుగో సూత్రం దగ్గర కాసేపు ఆగాలి. స్థానిక పరిసరాలకు దూరంగా ఉండండి.

నీటి వనరుల పాఠం వచ్చింది. మంచి వీడియో కోసం రాత్రి రెండు గంటలు వెతికాను. స్విట్జర్లాండ్ సరస్సు, చుట్టూ మంచుకొండలు, తెల్లటి పడవ, వ్యాఖ్యానం ఇంగ్లీషులో. పిల్లలు నోరు తెరుచుకుని చూశారు. అయిపోయాక వెనక బెంచీవాడు లేచాడు. ‘సా, అది చెరువేనా సా?’ అన్నాడు. అవునన్నాను. ‘మరి కట్ట యాడుండాది సా? తూము యాడుండాది?’ అన్నాడు. చెప్పింది వినమని కూర్చోబెట్టాను. వాడు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. కిటికీలోంచి మా చెరువు కట్ట కనపడుతుంది. ఆ కిటికీకి తెర కుట్టించాలని అప్పుడే అనుకున్నాను.

ఇప్పుడు ఆ పాటించని మనిషి. కొత్తగా వచ్చిన టీచరమ్మ, మా పెద్దమ్మాయి వయసు. అదే పాఠం వేరే తరగతికి చెప్పాల్సి వచ్చింది. ఆ అమ్మాయి గూగుల్ ఎర్త్ తెరిచి అందులో టైమ్‌లాప్స్ అనేది పెట్టింది. ఆకాశం నుంచి ఉపగ్రహాలు తీసిన బొమ్మలట, 1984 నుంచి ఏడాదికొకటిగా కదులుతూ పోతాయి. దాన్ని తీసుకొచ్చి సరిగ్గా బుక్కపట్నం మీద ఆపింది. ఏముంది, మా చెరువు ఊపిరి పీల్చినట్టు నిండుతోంది, వదిలినట్టు ఎండుతోంది. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్లు కురిసే ప్రాంతం మాది. పిల్లలకు చెరువు ఎండుతుందని తెలుసు, నిండుతుందనీ తెలుసు, కానీ నలభై ఏళ్లు ఒక నిమిషంలో చూడటం వాళ్లకు కొత్త.

ఆ తర్వాత జరిగినదానికి నేను బాధ్యుణ్ని కాదు. ఆ అమ్మాయి పిల్లల్ని ఇంటికి పంపి, చెరువు ఎప్పుడెప్పుడు మరవ పారిందో అవ్వా తాతల్ని అడిగి రమ్మంది. మరునాడు అందరూ కాగితాలు తెచ్చారు. ఒక అవ్వకు ఏడాది తెలియదు గానీ ‘మా చిన్నోడు కడుపులో ఉన్న యేడు’ అని చెప్పిందట. చిన్నోడి ఆధార్ కార్డు చూసి ఏడాది పట్టుకున్నారు. దాన్ని తెరమీది బొమ్మతో పోల్చారు. కుదరకపోతే తగాదా పడ్డారు. అవ్వది తప్పా, ఉపగ్రహానిది తప్పా అని. ఆధార్‌ది తప్పని తేలింది. బళ్లో చేర్చినప్పుడు పుట్టినతేదీ అయ్యవారే వేశారట. ఆ అయ్యవారు ఎవరో నేను అడగలేదు.

అక్కడితో ఆగినా బాగుండేది. బొమ్మను కొంచెం వెనక్కి జరిపి చిత్రావతి ఎక్కడినుంచి వస్తోందో పట్టుకున్నారు. పైకి, పైకి, పుట్టపర్తి దాటి, కర్ణాటకలో బాగేపల్లి దాటి, నంది కొండల దాకా వేలు పెట్టి వెతుక్కుంటూ పోయారు. దారిలో నీళ్లు నిలబడిన చోటల్లా ఆగారు. ‘మిస్, పైన కట్టలు కట్టుకుంటే మనకెట్లొస్తాయి?’ అని ఒకరు. ‘ఇప్పుడున్న నీళ్లు చిత్రావతివా, హంద్రీ-నీవా కాలువవా?’ అని ఇంకొకరు. కృష్ణ నీళ్లు శ్రీశైలం నుంచి మోటార్లతో ఎత్తిపోసుకుంటూ ఈ సీమకు వస్తాయన్న సంగతి కాలువ గట్టున పుట్టిన పిల్లలకు ఎవరూ పాఠంగా చెప్పలేదు. ఆ అమ్మాయి ఏమందో తెలుసా? ‘నాకూ సరిగ్గా తెలియదు, రేపు కలిసి చూద్దాం’ అంది. తరగతి గదిలో, పిల్లల ముందు! స్విట్జర్లాండ్ వీడియోలో ఈ గొడవే లేదు. సమాధానం తెలియని ప్రశ్న పుట్టకుండా చూడటమే కదా మంచి వీడియో లక్షణం.

ఇస్రో వాళ్ల భువన్ పోర్టల్ 2009 నుంచీ ఉంది, అందులోనూ మన ఊళ్లు చూడొచ్చని ఆ అమ్మాయే స్టాఫ్‌రూంలో చెప్పింది. నేను విననట్టు చిత్రాన్నం డబ్బా మూత తీశాను.

ఐదో సూత్రం, కొత్త వస్తువు కొత్తగానే ఉండాలి. అంటే బీరువా.

దేశంలో ఉపగ్రహం నుంచి పల్లెలకు పాఠాలు దింపడం మొదలైంది 1975 ఆగస్టు 1న. సైట్ అనేవారు. అమెరికా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాదికి అరువు తెచ్చుకున్నారు. ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 ఊళ్లు, ఆంధ్రప్రదేశ్‌వీ అందులో ఉన్నాయి, తెలుగులోనూ కార్యక్రమాలు వచ్చాయి. టీచర్లకు సైన్సు శిక్షణ కూడా దాంట్లోనే ఇచ్చారు. 1976 జూలై 31న గడువు ముగిసింది, ఉపగ్రహం దారిన ఉపగ్రహం పోయింది. మన విద్యా సాంకేతిక చరిత్రలో బీరువాలోకి పోకుండా తప్పించుకున్నది అదొక్కటే.

మిగతావన్నీ మా బడిలో క్షేమం. కింది అరలో 1987లో మొదలైన ఆపరేషన్ బ్లాక్‌బోర్డు నాటి సైన్సు కిట్టు, బల్బులు, తీగలు, అయస్కాంతాలతో సహా. దాని పైన ‘విందాం నేర్చుకుందాం’ పాఠాలు వినడానికిచ్చిన రేడియో. ఆ పైన కె-యాన్, టీవీ కాదు, కంప్యూటరు కాదు, ప్రొజెక్టరు కాదు, మూడూ కలిసిన పెట్టె. 2004 సెప్టెంబరు 20న విద్య కోసమే శ్రీహరికోట నుంచి ఎడ్యుశాట్‌ను పంపినప్పుడు మేమంతా చప్పట్లు కొట్టాం. ఆ చప్పట్లకు మాత్రం అర కేటాయించలేదు.

యునెస్కో 2023లో విద్యలో టెక్నాలజీ మీద ఒక నివేదిక ఇచ్చింది. చదువుకు సంబంధించిన సాంకేతిక ఉత్పత్తులు సగటున 36 నెలలకొకసారి మారిపోతాయట. మూడేళ్లలో ఎటూ మారిపోయేదాన్ని నేర్చుకోవడం ఎందుకు, మారేదాకా తాళం వేస్తే పోలా? 2022 డిసెంబరు 21న రాష్ట్రంలో ఎనిమిదో తరగతి పిల్లలకూ టీచర్లకూ 5 లక్షలకు పైగా ట్యాబ్‌ల పంపిణీ మొదలైంది. లోపల పాఠాలు బైజూస్ వాళ్లవి. 2024 జూలైలో ఆ కంపెనీ మీద దివాలా ప్రక్రియ మొదలైంది. యునెస్కో సగటు కన్నా మనమే ముందున్నాం.

నన్ను సోమరి అనుకునేవాళ్లకు ఒక్క సంగతి చెప్పాలి, ఇది మాత్రం వెటకారం కాదు. స్టాకు రిజిస్టరులో వస్తువు పక్కన ఉండేది నా సంతకం. పగిలితే, పోతే, పిల్లవాడు తీగ తెంపితే జీతంలోంచి కోస్తారేమో అన్న భయంతో సర్వీసంతా గడిపినవాళ్లం. వాడి పాడుచేసినవాణ్ని సంజాయిషీ అడిగిన రోజులున్నాయి. వాడకుండా దాచినవాణ్ని ఎవరూ ఏ రోజూ అడగలేదు. తాళం చెవి చాలా తేలికగా ఉంటుంది తమ్ముడూ, ఎన్నేళ్లు మోసినా బరువనిపించదు.

ఆరో సూత్రం. తెలుగులో ఉన్నవాటినీ, నెట్ లేకపోయినా పనిచేసేవాటినీ దగ్గరికి రానివ్వొద్దు.

నెట్ లేదు అన్నది మన వృత్తిలో అత్యంత విలువైన వాక్యం. దాన్ని కాపాడుకోవాలి. కొన్ని వనరులు ఆ వాక్యానికే ఎసరు పెడుతున్నాయి. అవేవో తెలిస్తేనే తప్పించుకోగలరు కాబట్టి చెబుతున్నాను.

మన పాఠ్యపుస్తకాల్లో పాఠం పక్కన నల్లగళ్ల చదరం ఉంటుంది, దీక్ష క్యూఆర్ కోడ్. కెమెరా పనిచేయడం లేదని తప్పించుకుందామంటే దాని కిందే ఆరు అక్షరాల కోడ్ కూడా అచ్చు వేశారు, అది కొట్టినా తెరుచుకుంటుంది. పైగా ఇంట్లో వైఫై దగ్గర ఒకసారి దింపుకుంటే బడిలో నెట్ లేకుండానే ఆడుతుంది. అరవింద్ గుప్తా అని ఐఐటీ కాన్పూర్‌లో చదివినాయన ఉన్నారు, 2018లో పద్మశ్రీ ఇచ్చారు. చీపురుపుల్ల, సైకిల్ ట్యూబు ముక్క, అగ్గిపుల్లలతో సైన్సు బొమ్మలు చేయడం చూపిస్తారు. వీడియోలు తెలుగులో కూడా ఉన్నాయి, పైసా అడగరు. ఆ సామాన్లు కొనలేదన్న సాకు మన దగ్గర చెల్లదు, చెత్తకుప్ప ప్రతి బడికీ ఉంది. ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో పెట్టిన స్టోరీవీవర్‌లో తెలుగు కథలు బొమ్మలతో సహా దొరుకుతాయి. ప్రింటు తీసి పంచుకోవచ్చు, కావాలంటే మన పిల్లల మాటల్లోకి మార్చి మళ్లీ పెట్టొచ్చు. పిల్లలు ఒకసారి కథలు చదవడం మొదలుపెడితే గైడు ఎవరు కొంటారు?

అన్నిటిలోకి మొండిది ఫెట్. కార్ల్ వీమన్ అనే అమెరికా శాస్త్రవేత్తకు 2001లో భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఆయన హాయిగా కూర్చోకుండా 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో దీన్ని మొదలుపెట్టాడు. తెరమీదే ప్రయోగాలు. పిల్లలు వేలితో బ్యాటరీ లాగి, తీగ కలిపి, బల్బు వెలిగించుకోవచ్చు. చాలావాటికి తెలుగు ఉంది. ఒక్కో ప్రయోగం ఒక్క ఫైలుగా దిగుతుంది, పెన్‌డ్రైవులో పడుతుంది. మా టీచరమ్మ ఒక ఆదివారం ధర్మవరంలో వాళ్ల ఇంట్లో కూర్చుని ఇవన్నీ ఒక పెన్‌డ్రైవులో నింపుకొచ్చింది. గ్రూపులో లింకు ఒక్కటి కూడా పెట్టలేదు. ఇట్లాంటివాళ్లకు అవార్డులు ఎట్లా వస్తాయి?

సోమవారం ఆరో తరగతికి విద్యుత్ వలయాల పాఠం. సిగ్నల్ లేదు, నేను నిశ్చింతగా ఉన్నాను. పెన్‌డ్రైవు టీవీ పక్కన ఉన్న పాత ల్యాప్‌టాప్‌కు పెట్టింది, పిల్లల్ని ఒక్కొక్కరినీ పిలిచి తీగలు కలపమంది. బల్బు వెలిగింది. తీగ తీశారు, ఆరింది. రెండు బ్యాటరీలు పెట్టారు, ఎక్కువ వెలిగింది. అంతలో ఒక పిల్ల బల్బే లేకుండా తీగను బ్యాటరీ ఈ కొసనుంచి ఆ కొసకు నేరుగా కలిపేసింది. తెరమీద బ్యాటరీకి మంటలు అంటుకున్నాయి. తరగతి మొత్తం లేచి నిలబడింది. నేను పరుగెత్తుకొచ్చాను, టీవీ కాలిందనుకుని.

‘మిస్, నిజం బ్యాటరీ కూడా ఇట్లే మండుతాదా?’ అని ఆ పిల్ల అడిగింది.

‘టార్చిలైటు సెల్లుకు మంట రాదు గానీ తీగ వేడెక్కుతుంది. చేత్తో తాకి చూస్తే తెలుస్తుంది. చూద్దామా?’ అంది ఆ అమ్మాయి. చూద్దామన్నారు నలభై గొంతులతో. తెరమీద చూశారు కదా, మళ్లీ చేత్తో తాకడం ఎందుకో నాకు అర్థం కాలేదు. అప్పెప్ రెండో సూత్రం ఈ అమ్మాయికి ఎవరు చెప్పారో, తను పుట్టకముందే ఆ పథకం ఆగిపోయింది.

ఆ అమ్మాయి నావైపు తిరిగింది. ‘సార్, బీరువాలో సైన్సు కిట్టు ఉందన్నారు కదా. బల్బులూ తీగలూ కావాలి. తాళం ఇస్తారా?’

ఎక్కడ పెట్టానో గుర్తు లేదమ్మా అన్నాను. చొక్కా జేబులోనే ఉంది.